బేస్ పల్చబడి, గొంతు మధ్యలో నిలవకపోతే: స్టీరియోలో ఫేజ్ సరిచూసే పద్ధతి

మీ ప్రశ్న సారాంశం ఇదీ. కొత్త ఫ్లాట్‌కి మారారు. యాంప్లిఫయర్, రెండు బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, సబ్‌వూఫర్ (బేస్ కోసమే ఉండే స్పీకర్, క్లుప్తంగా సబ్) అన్నీ పాతవే. అయినా పాటలో పస పోయింది. గాయకుడి గొంతు రెండు స్పీకర్ల మధ్య నిలబడకుండా గదంతా పరుచుకుంటోంది. సబ్ వెనకున్న 0/180 స్విచ్ ఎటు తిప్పినా పెద్ద తేడా లేదు. గది 10 అడుగులకు 12, స్పీకర్ వైర్లు గోడలోని పైపుల్లోంచి వచ్చాయి. ఎలక్ట్రీషియనేమో ప్లగ్గు తిప్పి పెట్టి చూడమన్నాడు.

ప్లగ్గు మాట పక్కన పెట్టేయండి. 230 వోల్ట్‌ల లైన్లో ఫేజ్, న్యూట్రల్ ఎటున్నా యాంప్లిఫయర్ దాన్ని డీసీగా మార్చుకునే వాడుకుంటుంది. స్పీకర్ కోన్ (శబ్దం పుట్టించడానికి ముందుకీ వెనక్కీ కదిలే గరాటు లాంటి పొర) కదిలే దిశకి దాంతో పని లేదు. గుయ్‌మనే హమ్ కాస్త తగ్గొచ్చు, పెరగొచ్చు, అంతే.

స్పీకర్ల విషయంలో ఫేజ్ అంటే వేరు, రెండు శబ్దాల అలలు ఒకదానితో ఒకటి ఎంతవరకు అడుగు కలిపి నడుస్తున్నాయన్నది. మీ దగ్గర రెండు తప్పులు కలిసి ఉన్నాయనుకుంటున్నాను. మొదటిది పొలారిటీ: ఒక స్పీకర్‌కి ప్లస్, మైనస్ తారుమారైతే ఎడమ కోన్ ముందుకొచ్చే క్షణంలో కుడి కోన్ వెనక్కి పోతుంది. ఇది ఉంటే పూర్తిగా ఉంటుంది, లేకపోతే అసలు ఉండదు. రెండోది దూరం: ఒక శబ్దం మీ చెవికి ఇంకోదానికన్నా ఆలస్యంగా చేరడం. దీని ప్రభావం ఒక్కో ఫ్రీక్వెన్సీ దగ్గర ఒక్కోలా ఉంటుంది. వైర్ల తప్పుని వైర్ల దగ్గర, దూరం తప్పుని కొలత టేపుతో సరిచేయాలి. చాలామంది రెండింటికీ సబ్ స్విచ్చే తిప్పుతూ కూర్చుంటారు. అందుకే ఎన్నాళ్లకీ తెమలదు.

పొలారిటీ తిరగబడితే ముందు బేస్ ఎందుకు పోతుందంటే, గదిలో శబ్ద వేగం సెకనుకి సుమారు 345 మీటర్లు. ఆ లెక్కన 100 హెర్ట్జ్ అల పొడవు దాదాపు మూడున్నర మీటర్లు. రెండు స్పీకర్ల మధ్య దూరం అందులో సగమే, మీ చెవి దగ్గరికి వచ్చేసరికి ఒకటి నెట్టింది ఇంకోటి లాగేస్తుంది. 1000 హెర్ట్జ్ దగ్గర అల పొడవు 35 సెంటీమీటర్లే కాబట్టి తల కొంచెం కదిలినా లెక్క మారిపోతుంది. గోడల ప్రతిధ్వని కూడా కలుస్తుంది, అందువల్ల గొంతు పూర్తిగా మాయం కాదు. చెవుల్లో ఒత్తిడి పెట్టినట్టు, ఎక్కడినుంచి వస్తోందో తెలియకుండా వినిపిస్తుంది. మీరు రాసింది సరిగ్గా ఇదే.

ముందు మోనో పరీక్ష

మోనో అంటే రెండు స్పీకర్లకీ ఒకే సిగ్నల్ వెళ్లడం. యాంప్లిఫయర్ మీద మోనో బటన్ ఉంటే నొక్కండి. లేకపోతే ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్తే ‘మోనో ఆడియో’ అని ఉంటుంది, అది ఆన్ చేయండి. సరౌండ్, వైడ్, త్రీడీ లాంటి మోడ్‌లన్నీ ఆపేయండి. అవి కావాలనే ఫేజ్‌తో ఆడుకుంటాయి, అవి నడుస్తుండగా చేసే ఏ పరీక్షా నమ్మదగ్గది కాదు. ఘంటసాల కాలం నాటి పాటలు మోనోలోనే రికార్డయ్యాయి కదా, అవే పెట్టి చూస్తే సరిపోతుందని కొందరంటారు. జాగ్రత్త, పాత పాటలకి తర్వాత కృత్రిమ స్టీరియో అద్ది విడుదల చేసిన కాపీలు కూడా తిరుగుతుంటాయి. మోనో బటన్ వేసుకుంటే ఆ అనుమానం ఉండదు.

ఇప్పుడు సబ్ పవర్ తీసేసి, రెండు స్పీకర్లనీ స్టాండ్ల మీంచి దించి పక్కపక్కన ఆనించి పెట్టండి. గోడలోంచి వచ్చే వైరు అందకపోతే ఈ పరీక్ష వరకు విడి వైరు వాడండి. మృదంగమో బేస్ గిటారో బాగా వినిపించే పాట మోనోలో పెట్టండి. ఓ నిమిషం విని, యాంప్లిఫయర్ ఆఫ్ చేసి, ఒక్క స్పీకర్ వెనక మాత్రం రెండు వైర్లు తారుమారు చేసి మళ్లీ వినండి. ఇంత దగ్గరగా ఉన్నప్పుడు తేడా అనుమానానికి తావివ్వదు. ఒకసారి నిండుగా, ఇంకోసారి బేస్ మొత్తం పీల్చేసినట్టు వినిపిస్తుంది. నిండుగా ఉన్నదే సరైన కనెక్షన్. వైర్లు మార్చే ప్రతిసారీ యాంప్లిఫయర్ ఆఫ్‌లోనే ఉండాలి. వైరు పోగు ఒకటి పక్క టెర్మినల్‌కి తగిలితే ఔట్‌పుట్ ట్రాన్సిస్టరో ఐసీనో పోవచ్చు.

ఇక్కడే ఇంకో విషయం గమనించండి. యాంప్లిఫయర్ మీద మోనో బటన్ నొక్కగానే మధ్యలో ఉండాల్సిన గొంతు పూర్తిగా మాయమై, పక్క వాయిద్యాలు మాత్రం మిగిలితే తప్పు స్పీకర్ వైర్లలో లేదు, యాంప్లిఫయర్‌కి ముందే ఎక్కడో ఒక ఛానెల్ తిరగబడింది. ప్లేయర్ నుంచి యాంప్లిఫయర్‌కి వచ్చే మామూలు ఆర్‌సీఏ వైరుని పొరపాటున తిప్పి పెట్టడం కుదరదు. మూడు పిన్నుల ఎక్స్ఎల్ఆర్ వైరు చేత్తో సోల్డర్ చేయించినదైతే మాత్రం ఒక వైపు 2, 3 పిన్నులు మారిపోయే అవకాశం ఉంది.

గోడలోని వైర్లు

విడి వైర్లతో బాగుండి, గోడ వైర్లతో పాడైతే దొంగ గోడలోనే ఉన్నాడు. ఎలక్ట్రీషియన్లు కన్సీల్డ్ పైపులో చేతికందిన రంగు లాగేస్తారు. ప్లస్, మైనస్ వైర్లు రెండూ ఒకే రంగువై ఉంటాయి, లేదా మధ్య జంక్షన్ బాక్సులో రంగు మారిపోతుంది.

కనుక్కోవడం చాలా సులువు. రెండు చివర్లా వైర్లు ఊడదీయండి, యాంప్లిఫయర్‌కి గానీ స్పీకర్‌కి గానీ తగిలి ఉండకూడదు. యాంప్లిఫయర్ చివర 1.5 వోల్ట్‌ల పెన్ను సెల్లు పెట్టి, మీరు ప్లస్ అనుకుంటున్న వైరుని సెల్లు బొడిపెకి, రెండోదాన్ని అడుగుకి టేపుతో అంటించండి. స్పీకర్ చివరికి వెళ్లి డిజిటల్ మల్టీమీటర్‌ని డీసీ వోల్ట్‌ల మీద పెట్టి కొలవండి. 1.5 అని చూపిస్తే మీటరు ఎర్ర ప్రోబ్ తగిలినదే ప్లస్ వైరు. ముందు మైనస్ గుర్తుతో చూపిస్తే నల్ల ప్రోబ్ తగిలినది ప్లస్. ఏమీ చూపించకపోతే మీరు పట్టుకున్నది వేరే స్పీకర్ వైరు, లేదా మధ్యలో ఎక్కడో తెగింది. తేలగానే రెండు చివర్లా ప్లస్ వైరుకి ఎర్ర టేపు చుట్టేయండి.

విడి వైరు కొత్తగా కొనేటట్టయితే, పారదర్శకంగా ఉండే జంట వైరులో ఒకటి రాగి రంగు, ఒకటి వెండి రంగు ఉంటుంది. లేదా ఒక వైపు గీతో, తొడుగు మీద గాడో ఉంటుంది. దేన్ని ప్లస్ అనుకున్నా పర్వాలేదు, రెండు చివర్లా రెండు స్పీకర్లకీ అదే పాటించాలి. 1.5 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) రాగి వైరు ఇంటికి చాలు. 10 మీటర్ల దూరానికి పోను రాను కలిపి దాని నిరోధం పావు ఓమ్ లోపే. రాగి పూత వేసిన అల్యూమినియం వైరు చవగ్గా అంటగడతారు, గీకి చూస్తే లోపల తెల్లగా కనిపిస్తుంది, వద్దనండి. ఎడమ, కుడి వైర్లు ఒకే పొడవు లేకపోతే ఫేజ్ పోతుందని షాపుల్లో చెప్పే మాట పట్టించుకోవద్దు. వైరులో సిగ్నల్ వెళ్లే వేగానికి 7 మీటర్ల తేడా అంటే సెకనులో కోటో వంతు కూడా కాదు. పొడవు ఎక్కువైందని చుట్టలు చుట్టి సోఫా వెనక దాచేకంటే ఎంత కావాలో అంతే కత్తిరించుకోండి.

డబ్బాలోనే తేడా ఉంటే

రెండు స్పీకర్లూ ఎర్ర టెర్మినల్‌కి ప్లస్సే తగిలించినా మోనో పరీక్షలో ఫెయిలయ్యాయంటే డబ్బా లోపల చూడాలి. రిపేరులో కొత్త కాయిల్ కట్టించిన వూఫర్లలో (బేస్ పలికే పెద్ద కోన్ యూనిట్లు) ఇది మామూలే. కొత్త కాయిల్ రెండో దిశలో చుట్టినా, లీడ్ వైర్లు తారుమారుగా సోల్డర్ చేసినా ఎర్ర చుక్క మాత్రం పాతచోటే ఉంటుంది. హైదరాబాద్ కోఠిలో కట్టించినా, కంపెనీ సర్వీస్‌లో చేయించినా రిపేరు నుంచి వచ్చిన ప్రతి డ్రైవర్‌నీ (డబ్బాలో బిగించే విడి స్పీకర్ యూనిట్) పెన్ను సెల్లుతో చూసుకునే బిగించండి.

గ్రిల్ తీసి, యాంప్లిఫయర్ వైర్లు ఊడదీసి, సెల్లు ప్లస్‌ని ఎర్ర టెర్మినల్‌కి, మైనస్‌ని నల్లదానికి అర సెకను తాకించండి. టప్పుమని కోన్ బయటికి రావాలి. కదలిక ఓ మిల్లీమీటరు కూడా ఉండకపోవచ్చు, కంటికి ఆనకపోతే కోన్ అంచు మీద వేలికొస తేలిగ్గా ఆనించి చూడండి. సెల్లు పట్టి ఉంచొద్దు, 9 వోల్ట్‌ల బ్యాటరీ జోలికి అసలు పోవద్దు. పాత జేబీఎల్ కంపెనీ డ్రైవర్లలో మాత్రం ప్లస్ ఇస్తే కోన్ లోపలికి వెళ్లే పద్ధతి ఉండేది. అలాంటివి ఒక జతలో రెండూ ఒకేలా ఉన్నంతవరకు ఇబ్బంది లేదు, ఒకటి మార్చి కొత్త రకం వేస్తేనే గొడవ.

సన్నటి శబ్దాలు పలికే చిన్న యూనిట్ ట్వీటర్, దానికి నేరుగా సెల్లు పెట్టొద్దు. సన్నటి కాయిల్, పోతే పోయినట్టే. ఇంకో సంగతి, డబ్బా విప్పి చూసినప్పుడు ట్వీటర్ వైర్లు వూఫర్‌కి వ్యతిరేకంగా కనిపిస్తే అది తప్పనుకుని సరిచేసేయకండి. వూఫర్‌కీ ట్వీటర్‌కీ శబ్దాన్ని పంచే సర్క్యూట్‌ని క్రాసోవర్ అంటారు. ఆక్టేవ్‌కి (అంటే ఫ్రీక్వెన్సీ రెట్టింపైన ప్రతిసారీ) 12 డీబీ, అంటే డెసిబెల్స్, చొప్పున కోసే క్రాసోవర్‌లో వూఫర్, ట్వీటర్ సిగ్నళ్లు క్రాసోవర్ ఫ్రీక్వెన్సీ దగ్గర ఒకదానికొకటి 180 డిగ్రీలు తేడాలో పడతాయి. అందుకే డిజైనర్ ట్వీటర్‌ని కావాలని తిప్పి కలుపుతాడు. 24 డీబీ లింక్‌విట్జ్–రైలీ అనే క్రాసోవర్ రకంలో తేడా 360 డిగ్రీలు, అంటే ఒక పూర్తి చుట్టు, కాబట్టి తిప్పక్కర్లేదు. మీరు ‘సరిచేస్తే’ రెండు మూడు వేల హెర్ట్జ్ దగ్గర పెద్ద గుంట పడి గొంతు దూరంగా, ముక్కుతో పాడినట్టు అయిపోతుంది. రెండు జతల టెర్మినళ్లున్న బై–వైర్ స్పీకర్లలో పై జతకి మాత్రం వైరు తిరగబడినా ఇదే గుంట పడుతుంది. బేస్ బానే ఉండి గొంతు ఒక్కటే పాడైతే అక్కడ చూడండి.

యాంప్లిఫయర్ నల్ల టెర్మినల్ ఎప్పుడూ గ్రౌండ్ కాదు

వైర్లు తారుమారు చేసి చూసేవాళ్లంతా ఇది తెలుసుకుని తీరాలి. టీపీఏ3116 లాంటి క్లాస్–డీ చిన్న బోర్డుల్లో, బ్రిడ్జ్‌లో వాడిన 4440 ఐసీ బోర్డుల్లో ప్లస్, మైనస్ రెండు టెర్మినళ్లూ ‘వేడి’వే, అంటే రెండింట్లోనూ సిగ్నల్ ఉంటుంది, ఏదీ గ్రౌండ్ కాదు. రెండు ఛానెళ్ల నల్ల వైర్లని ఒకటిగా కలిపినా, ఒకదాన్ని ఛాసిస్‌కి (యాంప్లిఫయర్ లోహపు డబ్బాకి) తాకించినా ఐసీ పోవచ్చు. గోడలో మూడే వైర్లున్నాయి కదా, మైనస్ ఉమ్మడిగా వాడేద్దామనే ఆలోచన ఇలాంటి యాంప్లిఫయర్‌తో పనికిరాదు. సబ్‌కి స్పీకర్ టెర్మినళ్ల నుంచి హై–లెవెల్ వైరు తీస్తున్నా ఇదే జాగ్రత్త. సబ్ మాన్యువల్లో బ్రిడ్జ్, క్లాస్–డీ యాంప్లిఫయర్ల గురించి ఏం రాశారో చదవండి. స్పష్టంగా లేకపోతే ఆర్‌సీఏ లైన్ నుంచే సబ్‌కి ఇవ్వండి.

కొలత టేపు పని

పొలారిటీ తేలాక స్పీకర్లని గదిలో పెట్టండి. స్పీకర్లు 10 అడుగుల గోడ వైపు ఉండి, శబ్దం 12 అడుగుల పొడవునా రావాలి. మీ గదికి నేనైతే ఇలా మొదలుపెడతాను: రెండు ట్వీటర్ల మధ్య 1.8 మీటర్లు, వెనక గోడ నుంచి స్పీకర్ ముందు పలక వరకు 45 సెంటీమీటర్లు, ఒక్కో ట్వీటర్ నుంచి కూర్చునే చోట మీ తల వరకు 2 మీటర్లు. పక్క గోడలకి దాదాపు 60 సెంటీమీటర్లు మిగులుతుంది. వెనక గోడ దూరం, పక్క గోడ దూరం సమానం కాకుండా చూసుకోండి. గోడకి తగిలి తిరిగొచ్చే అల, అసలు అలని ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర రద్దు చేస్తుంది. 345ని దూరానికి నాలుగు రెట్లతో భాగిస్తే అదెక్కడో వస్తుంది: 60 సెంటీమీటర్లకి 144 హెర్ట్జ్, 45కి 192. రెండు గోడలూ ఒకే దూరంలో ఉంటే రెండు గుంటలూ ఒకేచోట పడి లోతవుతాయి.

ఎడమ ట్వీటర్ నుంచి తలకి, కుడి ట్వీటర్ నుంచి తలకి ఉన్న దూరాల్లో తేడా 1 సెంటీమీటరు దాటనివ్వకండి. 35 సెంటీమీటర్ల తేడా అంటే మిల్లీసెకను. అంత ఆలస్యమే చాలు, గొంతు మొత్తం దగ్గరి స్పీకర్‌లోకి జరిగిపోతుంది. బ్యాలెన్స్ నాబ్‌తో దీన్ని కొంత కప్పిపుచ్చొచ్చు గానీ తల తిప్పగానే బండారం బయటపడుతుంది. సోఫా మధ్యలో కూర్చోలేని ఇళ్లలో స్పీకర్లనే సోఫా వైపు జరపండి.

సబ్‌వూఫర్

స్విచ్ ఎటు తిప్పినా తేడా లేదన్నారు. అదే పెద్ద ఆధారం. సబ్, స్పీకర్లు కలిసే ఫ్రీక్వెన్సీలో ఒకదానికొకటి సుమారు 90 డిగ్రీల తేడాలో ఉంటే 0 పెట్టినా 180 పెట్టినా ఫలితం దాదాపు ఒకటే. రెండూ సగం సగం తప్పు. 80 హెర్ట్జ్ అల పొడవు 4.3 మీటర్లు, కాబట్టి 90 డిగ్రీలంటే 1.08 మీటర్లు. సబ్‌ని మీకు దగ్గరగానో దూరంగానో 60 సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా జరిపి చూస్తే స్విచ్‌కి ప్రాణం వస్తుంది. సబ్ లోపలి ఫిల్టరే క్రాసోవర్ దగ్గర 90, 180 డిగ్రీల ఆలస్యం తెస్తుంది కనుక స్పీకర్ల పక్కనే పెట్టాను, 0 సరైనదేననే లెక్క కుదరదు.

సెట్ చేసే పద్ధతి ఇది. సబ్ మీద క్రాసోవర్ నాబ్ 80 దగ్గర పెట్టండి. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్‌తో 80 హెర్ట్జ్ టోన్ మోనోలో ఇవ్వండి, సౌండ్ మాటల స్థాయికి మించొద్దు. ముందు స్పీకర్లు ఒక్కటే, తర్వాత సబ్ ఒక్కటే వినిపించి రెండూ మీ సీటు దగ్గర ఇంచుమించు సమానంగా ఉండేలా సబ్ వాల్యూమ్ సర్దండి. ఇప్పుడు యాంప్లిఫయర్ ఆఫ్ చేసి రెండు స్పీకర్ల వైర్లనీ కావాలని తిరగేయండి. అవును, రెండింటివీ. మళ్లీ టోన్ పెట్టి మీరు సీట్లో కూర్చుని, ఇంకొకరిని సబ్ ఫేజ్ నాబ్ నెమ్మదిగా తిప్పమనండి. శబ్దం అతి తక్కువగా పడిపోయే చోటు దొరుకుతుంది. ఎక్కువ వినిపించే చోటు వెతికితే అది వెడల్పుగా, జారిపోయేలా ఉంటుంది. పూర్తిగా పడిపోయే చోటు సూది మొన అంత పదునుగా తెలుస్తుంది, అందుకే తలకిందుల పద్ధతి. నాబ్ అక్కడే వదిలేసి, యాంప్లిఫయర్ ఆపి, స్పీకర్ వైర్లు యథాస్థానానికి తెచ్చేయండి. 70, 90 హెర్ట్జ్ టోన్లతో కూడా ఓసారి విని, వాటిలో గుంట లేదని చూసుకోండి. నాబ్ లేక స్విచ్ మాత్రమే ఉంటే నాబ్ తిప్పే బదులు సబ్‌ని జరుపుతూ ఇదే చేయాలి.

రెండు స్పీకర్లూ కలిసి తిరగబడి ఉంటే మోనో పరీక్షలో దర్జాగా పాసవుతాయి. సబ్‌తో మాత్రం గొడవపడతాయి. టేపు చుట్టిన ప్లస్ వైరు ఎర్ర టెర్మినల్లోనే ఉందా అని చివర్లో మళ్లీ చూడమనేది అందుకే.

ఇవన్నీ అయ్యాక కూడా ఒకటి రెండు స్వరాలు మాయమవుతుంటే అది గది పని. 12 అడుగుల పొడవుకి 47 హెర్ట్జ్ దగ్గర అల నిలబడిపోతుంది, గది సరిగ్గా నడిమధ్య కూర్చుంటే అది వినపడదు. 47 హెర్ట్జ్ టోన్ పెట్టి కుర్చీని అడుగు వెనక్కి జరపండి. కుర్చీతో పాటే శబ్దం మారితే వైర్ల మీద, స్విచ్‌ల మీద చేయి వేయకండి. కుర్చీనే జరపండి. కాంక్రీటు గోడలు, టైల్స్ నేల ఉన్న మన ఇళ్లలో ఇది మరీ గట్టిగా తెలుస్తుంది.

కొలిచి చూసుకోవాలనుకుంటే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ ఉచితమే, కాలిబ్రేట్ చేసిన యూఎస్‌బీ మైకు ఒకటి కావాలి. అందులో శబ్దం మొదటి తాకిడిని చూపించే ఇంపల్స్ గ్రాఫ్‌లో రెండు స్పీకర్ల మొదటి శిఖరం ఒకే వైపు ఉండాలి. ఏవీ రిసీవర్ల (హోమ్ థియేటర్ యాంప్లిఫయర్ల) ఆటో సెటప్‌లో ‘ఫేజ్’ అని హెచ్చరిక వచ్చినప్పుడు పైన చెప్పిన సెల్లు పరీక్ష ఒక్కసారి చేసి, వైరు సరిగా ఉంటే ఆ హెచ్చరిక దాటేయండి. తిప్పి కలిపిన ట్వీటర్, దగ్గరి గోడ రెండూ ఆ మైకుని మోసం చేస్తాయి. అలాగే రిసీవర్ సబ్ దూరం టేపు కొలత కంటే మీటరో రెండు మీటర్లో ఎక్కువ చూపిస్తే తగ్గించకండి, అది సబ్ లోపలి ఫిల్టర్ల ఆలస్యాన్ని కూడా కలుపుకున్న లెక్క.

టర్న్‌టేబుల్ కూడా ఉందని చివర్లో రాశారు. రికార్డులు మాత్రమే పల్చగా వినిపించి ఫోన్ పాటలు బాగుంటే సూది బిగించి ఉండే కార్ట్రిడ్జ్ వెనక నాలుగు సన్న వైర్లు చూడండి. తెలుపు ఎడమ ప్లస్, నీలం ఎడమ మైనస్, ఎరుపు కుడి ప్లస్, ఆకుపచ్చ కుడి మైనస్. తెలుపు, నీలం తారుమారైతే ఎడమ ఛానెల్ ఒక్కటే తిరగబడుతుంది, మోనో బటన్ నొక్కితే గొంతు గాయబ్. కొన్ని కార్ట్రిడ్జ్‌ల్లో ఒక మైనస్ పిన్ లోహపు ఒంటికి కలిసి ఉంటుంది, ఆ ఛానెల్ తిప్పితే హమ్ కూడా మొదలవుతుంది. యాంప్లిఫయర్ ఆపి, సూదికి తొడుగు పెట్టి, సన్నటి ప్లయర్‌తో క్లిప్పునే పట్టుకుని లాగండి. వైరు పట్టుకుని లాగితే తెగి చేతికొస్తుంది.